గేరు మార్చనక్కరలేని ట్రాక్టరు: హైడ్రోస్టాటిక్ ట్రాన్స్‌మిషన్, దాని సంరక్షణ



ఈనాటి ప్రసంగానికి నేను ఎంచుకున్నది ఒక పాత యంత్రంలోని ఒకే ఒక్క భాగం. యంత్రం పేరు గార్డెన్ ట్రాక్టరు, అంటే తోట ట్రాక్టరు. భాగం పేరు హైడ్రోస్టాటిక్ ట్రాన్స్‌మిషన్. పేరు విని బెదరకండి. అందులో ఉన్న భౌతికశాస్త్రం మీరు హైస్కూలులో చదివిన పాస్కల్ నియమం, ఇంటర్మీడియట్‌లో చదివిన స్నిగ్ధత, అంతే. పరీక్షలో రెండు మార్కులకు రాసి మరిచిపోయే ఆ సూత్రాలు ఒక యంత్రం ఆయుష్షును ఎలా నిర్ణయిస్తాయో చూడటానికి ఇది మంచి ఉదాహరణ.

మన దగ్గర ట్రాక్టరు అంటే పొలం దున్నేది, దమ్ము చేసేది, ట్రక్కు లాగేది. గార్డెన్ ట్రాక్టరు అలాంటిది కాదు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అమెరికాలో పట్టణ శివార్లలో ఎకరం, రెండెకరాల స్థలంలో ఇళ్ళు కట్టుకున్న కుటుంబాలు బాగా పెరిగాయి. ఇంటి చుట్టూ పచ్చిక కోయాలి. చలికాలంలో దారి మీద పేరుకున్న మంచును తొలగించాలి. పెరట్లో కూరగాయల మళ్ళు దున్నుకోవాలి. ఈ పనుల కోసం పుట్టిన బుల్లి ట్రాక్టరు ఇది. ఇంటర్నేషనల్ హార్వెస్టర్ కంపెనీ 1961లో కబ్ కేడెట్ అనే పేరుతో ఇలాంటి ట్రాక్టరును మార్కెట్టులోకి తెచ్చింది. కెంటకీ రాష్ట్రంలోని లూయివిల్ కర్మాగారంలో అవి తయారయ్యేవి. మొదట వాటికి మామూలు క్లచ్చి, గేర్ల పెట్టె ఉండేవి. 1966లో వచ్చిన 123 మోడల్‌లో గేర్ల పెట్టెకు బదులు సండ్‌స్ట్రాండ్ కంపెనీ చేసిన హైడ్రోస్టాటిక్ యూనిట్ అమర్చారు. 1968లో జాన్ డీర్ 140 మోడల్ కూడా ఇదే పద్ధతిలో వచ్చింది.

గేర్లు ఉండగా ఇది ఎందుకని మీకు సందేహం రావచ్చు. మంచు తోసే మనిషిని ఊహించుకోండి. నాలుగు గజాలు ముందుకు పోవాలి, ఆగాలి, వెనక్కి రావాలి, మళ్ళీ ముందుకు. గంటసేపు ఇదే పని. ప్రతిసారీ క్లచ్చి తొక్కి గేరు మార్చాలంటే కాలూ పోతుంది, క్లచ్చీ పోతుంది. హైడ్రోస్టాటిక్ బండిలో ఒక్క మీట ఉంటుంది. ముందుకు తోస్తే బండి ముందుకు, మధ్యకు తెస్తే ఆగుతుంది, వెనక్కి లాగితే వెనక్కి. ఎంత తోస్తే అంత వేగం. ఇంజను మాత్రం ఒకే వేగంతో తిరుగుతూ ఉంటుంది.

ఆనాటి ట్రాక్టర్లు కొన్ని అరవై ఏళ్ళకు చేరువవుతున్నా ఇంకా పచ్చిక కోస్తున్నాయి. వాటిని విప్పి, బాగుచేసి, రంగులు వేసి నడుపుకోవడం అమెరికాలో చాలామందికి సరదా. మరికొన్ని “ట్రాన్స్‌మిషన్ పోయింది” అన్న ఒక్క మాటతో పాత ఇనుము కొట్టుకు చేరాయి. ఆ తీర్పులన్నీ సరైనవని నేను అనుకోను. పంపు నిజంగా అరిగిపోవడం వేరు, ఆయిలు పాడై పంపు పని చేయలేకపోవడం వేరు. పైకి రెండూ ఒకేలా కనిపిస్తాయి. మొదటిదానికి ట్రాక్టరు ధర అంత ఖర్చు కావచ్చు. రెండోదానికి ఒక ఫిల్టరు, ఆరేడు లీటర్ల ఆయిలు, ఒక మధ్యాహ్నం చాలు. ఆ తేడా పట్టుకోవడం ఎలాగన్నదే ఈ ప్రసంగం.

అమెరికా పెరటి బండితో మనకేం పని అంటారా? రోడ్డు మీద డ్రమ్ము తిప్పుకుంటూ పోయే కాంక్రీటు లారీని మీరు చూసే ఉంటారు. ఆ డ్రమ్మును తిప్పేది ఇదే రకం పంపు, మోటారు జత. మన డెల్టా పొలాల్లో బురదలో చైన్ల మీద నడిచే వరి కోత యంత్రాల్లో కూడా ఈ ట్రాన్స్‌మిషనే ఉంటుంది. సూత్రం ఒకటే కాబట్టి జబ్బులూ ఒకటే.

ఇప్పుడు ఒక చిన్న ప్రయోగం. మందుల షాపులో దొరికే సూది లేని సిరంజిలు రెండు తీసుకోండి. రెండింటినీ సన్నని ప్లాస్టిక్ గొట్టంతో కలపండి. లోపల గాలి బుడగ లేకుండా నీళ్ళు నింపండి. ఒకదాని పిస్టన్ నొక్కితే రెండోదాని పిస్టన్ అప్పటికప్పుడే లేస్తుంది. మధ్యలో ఇనుప కడ్డీ ఉన్నట్టే ఉంటుంది. ద్రవం నలగదు, అందుకే బలాన్ని మోసుకుపోతుంది. ఇదే పాస్కల్ చెప్పిన మాట. 1795లో ఇంగ్లండులో జోసెఫ్ బ్రామా దీనితోనే హైడ్రాలిక్ ప్రెస్సుకు పేటెంటు తీసుకున్నాడు. ఇప్పుడు గొట్టంలోకి కావాలని ఒక గాలి బుడగ రానివ్వండి. మళ్ళీ నొక్కండి. వేలికి స్ప్రింగు తగిలినట్టు మెత్తగా ఉంటుంది, అవతలి పిస్టన్ ఆలస్యంగా కదులుతుంది. ఈ మెత్తదనాన్ని గుర్తుంచుకోండి. ట్రాక్టరులో ఇది మళ్ళీ ఎదురవుతుంది.

సిరంజి ఒక్కసారి నొక్కితే అయిపోతుంది. చక్రం తిరుగుతూనే ఉండాలంటే నొక్కడం ఆగకూడదు. అందుకు చేసిన ఉపాయమే అక్షీయ పిస్టన్ పంపు. ఒక ఉక్కు దిమ్మెలో గుండ్రంగా ఏడో తొమ్మిదో రంధ్రాలు, ఒక్కో రంధ్రంలో ఒక పిస్టన్. (సాధారణంగా బేసి సంఖ్యే ఎంచుకుంటారు, అప్పుడు ప్రవాహంలో ఒడుదొడుకులు తగ్గుతాయి.) దిమ్మె ఇంజనుతో పాటు గిర్రున తిరుగుతుంది. పిస్టన్ల కాళ్ళు ఒక పళ్ళెం మీద జారుతూ ఉంటాయి. దాన్ని స్వాష్ ప్లేటు అంటారు. మనం వాలు పళ్ళెం అందాం. పళ్ళెం నిటారుగా ఉంటే పిస్టన్లు దిమ్మెతో పాటు ఊరికే తిరుగుతాయి, లోపలికీ బయటికీ కదలవు, ఆయిలు పారదు. అదే న్యూట్రల్. పళ్ళేన్ని కొద్దిగా వంచితే ప్రతి పిస్టన్ ఒక చుట్టులో ఒకసారి లోపలికి పోతుంది, ఒకసారి బయటికి వస్తుంది. ఆయిలు ఒక గొట్టంలోంచి పోయి రెండో గొట్టంలోంచి తిరిగి వస్తుంది. ఎక్కువ వంచితే ఎక్కువ ఆయిలు. అవతలి వైపు వంచితే ప్రవాహం దిశ మారుతుంది, బండి వెనక్కి పోతుంది. డ్రైవరు చేతిలోని మీట చేసేదల్లా ఈ పళ్ళేన్ని వంచడమే. ఆయిలు వెళ్ళి చేరే మోటారు కూడా ఇలాంటిదే, కాని దాని పళ్ళెం స్థిరంగా ఒకే వాలులో ఉంటుంది. మోటారు తిరిగితే దాని వెనుక ఉన్న డిఫరెన్షియల్ గేర్ల ద్వారా చక్రాలు తిరుగుతాయి.

ఈ వాలు పళ్ళెం ఆలోచన తోట కోసం పుట్టలేదు. 1900ల తొలి దశకంలో అమెరికాలో హార్వే విలియమ్స్, రెనాల్డ్ జానీ అనే ఇంజనీర్లు యుద్ధనౌకల ఫిరంగులను తిప్పడానికి దీన్ని వాడారు. పొలం ట్రాక్టరును ఇలా నడపవచ్చని 1954లో ఇంగ్లండులోని సిల్సోలో ఉన్న జాతీయ వ్యవసాయ ఇంజనీరింగు సంస్థ ఒక నమూనా చేసి చూపింది. ఫిరంగి నుంచి పచ్చిక కోసే బండి దాకా సాగిన ఈ ప్రయాణం సరదాగా ఉంటుంది కాని, దాన్ని ఇంకోసారి చెప్పుకుందాం.

ఇప్పుడు కాగితం, కలం తీసుకోండి. 123 మోడల్ ఇంజను 12 అశ్వశక్తులది, అంటే దాదాపు 9 కిలోవాట్లు. పూర్తి వేగంలో నిమిషానికి 3600 చుట్లు అనుకుందాం. సండ్‌స్ట్రాండ్ 15 సిరీస్ పంపు, పళ్ళెం పూర్తిగా వంగినప్పుడు, చుట్టుకు సుమారు 15 ఘన సెంటీమీటర్ల ఆయిలును తోస్తుంది. గుణిస్తే నిమిషానికి 54 లీటర్లు, సెకనుకు 0.9 లీటరు. శక్తి అంటే పీడనం ఇంటూ ప్రవాహం. 9000 వాట్లను సెకనుకు 0.0009 ఘన మీటర్లతో భాగిస్తే ఒక కోటి పాస్కల్‌లు వస్తాయి. దాదాపు వంద వాతావరణ పీడనాలన్నమాట. కారు టైరులోని గాలితో పోలిస్తే ఇది సుమారు యాభై రెట్లు. ఇక పళ్ళేన్ని మూడో వంతుకే వంచారనుకోండి. ప్రవాహం మూడో వంతు అవుతుంది, బండి నెమ్మదిస్తుంది. అదే శక్తి మొత్తం వాడితే పీడనం మూడు రెట్లు కావాలి, చక్రం లాగే బలం మూడు రెట్లు పెరుగుతుంది. నష్టాలను వదిలేసి వేసిన లెక్క ఇది. నిజానికి అంతవరకు రాకముందే చక్రాలు నేల మీద జారిపోతాయి. అయినా మామూలు ట్రాక్టరులో ఒకటో గేరు చేసే పని ఇక్కడ ఒక కోణం చేస్తోందని దీంతో తెలుస్తుంది.

ఇంత పీడనాన్ని లోపల పట్టి ఉంచేది ఏమిటి? పిస్టన్‌కు రబ్బరు వాషరు ఉంటుందని మీరు అనుకోవచ్చు. ఉండదు. పిస్టనుకూ రంధ్రానికీ మధ్య సన్నని ఖాళీ ఉంటుంది. వాలు పళ్ళెం మీద జారే చోట ఆయిలు పొర మందం కొన్ని మైక్రాన్లు మాత్రమే. మన తలవెంట్రుక మందం డెబ్బై మైక్రాన్ల వరకు ఉంటుంది. ఆ సన్నని ఖాళీలో ఉన్న ఆయిలు పొరే సీలు, అదే బేరింగు, అదే చల్లబరిచేది, బలాన్ని మోసేదీ అదే. ఇంజనులో ఆయిలు లోహపు భాగాలకు కందెన. ఇక్కడ ఆయిలే ఒక భాగం. ఈ తేడా తెలియకపోవడం వల్లే ఇంజను ఆయిలు మార్చినంత శ్రద్ధగా దీన్ని ఎవరూ మార్చరు.

ఖాళీలోంచి ఆయిలు కారడానికి ఒక సూత్రం ఉంది. కారే పరిమాణం పీడనానికి అనులోమంగా, స్నిగ్ధతకు విలోమంగా, ఖాళీ వెడల్పు ఘనానికి అనులోమంగా ఉంటుంది. ఘనం అన్న మాట దగ్గర ఆగండి. ఖాళీ రెండింతలైతే కారడం రెండింతలు కాదు, ఎనిమిదింతలు. ఇసుక రేణువు ఒకటి లోపలికి పోయి గీత పెడితే ఏమవుతుందో ఊహించండి. ఇక స్నిగ్ధత. ఇలాంటి ఆయిలు 40 డిగ్రీల నుంచి 100 డిగ్రీలకు వేడెక్కితే స్నిగ్ధత ఐదో వంతుకో ఆరో వంతుకో పడిపోతుంది. అంటే కారడం ఐదారు రెట్లు పెరుగుతుంది. కారిన ఆయిలు పని చేయకుండానే పీడనాన్ని పోగొట్టుకుంటుంది, ఆ శక్తి వేడిగా మారుతుంది. వేడి స్నిగ్ధతను ఇంకా తగ్గిస్తుంది. అందుకే అరిగిన పంపు పొద్దున చక్కగా నడిచి, అరగంట తర్వాత చిన్న ఎత్తు దగ్గర నిలబడిపోతుంది. చల్లారాక మళ్ళీ నడుస్తుంది. చిక్కటి ఆయిలు పోస్తే సరిపోతుందని కొందరు సలహా ఇస్తారు. వేడిలో కొంత మేలు చేస్తుంది, నిజమే. కాని చలి ఉదయాన అదే ఆయిలు పంపు నోటికి అందదు. ఆ సలహాను నేను మెచ్చుకోను.

కొత్త పంపులో కూడా కొంత ఆయిలు కారుతూనే ఉండాలి, లేకపోతే జారే భాగాలకు తడి అందదు. మరి కారిన లోటు ఎవరు పూడుస్తారు? దానికి ఛార్జి పంపు అనే చిన్న పంపు అదే షాఫ్టు మీద ఉంటుంది. అది అడుగునున్న తొట్టి నుంచి ఫిల్టరు మీదుగా ఆయిలు తీసుకుని, ఐదు నుంచి పది వాతావరణ పీడనాలతో పెద్ద పంపు గొట్టాల్లోకి పంపుతుంది. కబ్ కేడెట్‌లో డిఫరెన్షియల్ పెట్టే ఆ తొట్టి. అందులో పట్టేది ఏడు క్వార్టులు, మన లెక్కలో సుమారు 6.6 లీటర్లు.

ఇక్కడ ఒక మాట సరిచేసుకోవాలి. పంపు ఆయిలును “పీలుస్తుంది” అంటాం. నిజానికి పంపు ఖాళీ జాగా చేసి ఇస్తుంది, తొట్టి మీద ఉన్న వాతావరణం ఆయిలును అందులోకి తోస్తుంది. తోసే బలం ఎంత ఉన్నా ఒక్క వాతావరణ పీడనానికి మించదు. అందువల్ల తొట్టికీ పంపుకీ మధ్య ఉన్న ఫిల్టరు ఆయిలును తేలిగ్గా పోనివ్వాలి. ఈ ఫిల్టరు చూడటానికి కారు ఇంజను ఫిల్టరులాగే ఉంటుంది. మరలు సరిపోయే కారు ఫిల్టర్లు కూడా దొరకవచ్చు. వాటిని బిగించకండి. ఇంజను ఫిల్టరు పంపు తర్వాత ఉండటానికి చేసింది, అక్కడ ఆయిలును తోయడానికి కావలసినంత పీడనం ఉంటుంది. ఇక్కడ అంత లేదు. ఆయిలు అందకపోతే గొట్టంలో పీడనం పడిపోయి, కరిగి ఉన్న గాలి, ఆవిరి బుడగలుగా బయటికి వస్తాయి. ఆ బుడగలు అధిక పీడనం వైపు చేరి పగిలిపోతాయి. ప్రతి బుడగా లోహం మీద సుత్తి దెబ్బ లాంటిదే. ఈ పరిణామాన్ని కావిటేషన్ అంటారు. ట్రాక్టరు సన్నగా ఏడుస్తున్నట్టు మోత చేస్తే ముందు చూడాల్సింది ఆయిలు మట్టం, తర్వాత ఫిల్టరు.

నీళ్ళ సంగతి. ట్రాక్టరు నడిచినప్పుడు పెట్టె వేడెక్కుతుంది, ఆగినప్పుడు చల్లబడుతుంది. చల్లబడ్డ ప్రతిసారీ బయటి గాలి కొంత లోపలికి పోతుంది, అందులోని తేమ గోడల మీద చెమ్మగా దిగుతుంది. ఏడాదికి పదిసార్లు, అదీ పావుగంట చొప్పున నడిచే బండిలో ఆ చెమ్మ ఆరిపోయేంత వేడి ఎప్పుడూ రాదు. ఏళ్ళ తరబడి ఇలా జరిగితే ఆయిలు మజ్జిగలా తెల్లబడుతుంది. ఇంటర్నేషనల్ హార్వెస్టర్ వాళ్ళు హై-ట్రాన్ అనే ప్రత్యేకమైన ఆయిలును సిఫారసు చేయడానికి ఒక కారణం, అది కొంత నీటిని విడిగా అడుగున చేరనివ్వకుండా తనలో కలుపుకుని ఉంచుతుంది. నీరు విడిగా చేరితే ఉక్కుకు తుప్పు, చలిదేశంలో మంచుగడ్డ. ఆ గడ్డ ఫిల్టరు దారికి అడ్డం పడితే పంపు ఆయిలు లేకుండా తిరుగుతుంది. అనుమానం ఉంటే వర్క్‌షాపుల్లో చేసే ఒక సులువైన పరీక్ష ఉంది. బాగా వేడెక్కిన ఇనుప పలక మీద ఒక్క చుక్క ఆయిలు వేస్తారు. పోపులో తడి పడ్డట్టు చిటపటలాడితే అందులో నీళ్ళున్నట్టే. కళ్ళద్దాలు పెట్టుకుని, పెద్దల సమక్షంలోనే చేయాలి.

అన్ని ట్రాక్టర్లకూ హై-ట్రానే పోయాలని అనుకోకండి. కొందరు తయారీదారులు ఆటోమేటిక్ గేరు కార్లలో వాడే ద్రవాన్ని, మరికొందరు ఇంజను ఆయిలును చెప్పారు. ఆ బండి పుస్తకంలో ఏది ఉంటే అదే పోయాలి. రెండు రకాలు కలపకూడదు.

ఆయిలు మార్చే పద్ధతిలో నిజానికి కష్టమేమీ లేదు, ఓపిక కావాలి. బండిని కాసేపు నడిపి గోరువెచ్చగా చేస్తే ఆయిలుతో పాటు మురికి కూడా కదులుతుంది. చదునైన చోట ఆపి, మూత విప్పేముందు చుట్టుపక్కల దుమ్మంతా బ్రష్షుతో, గుడ్డతో శుభ్రం చేయాలి. ఈ ఒక్క పని చేయక లోపల ఇసుక పోసుకున్నవాళ్ళు ఎంతమందో. కబ్ కేడెట్‌లో డిఫరెన్షియల్ వెనుక పెద్ద పలక ఒకటి ఉంటుంది. దాన్ని విప్పితే అడుగున పేరుకున్న జిగురు బురదను చేత్తో తీసెయ్యవచ్చు. కింది బిరడా మాత్రమే విప్పి ఆయిలు దింపితే ఆ బురద అక్కడే ఉండిపోతుంది, కొత్త ఆయిలును వారంలో పాతది చేస్తుంది. పలకకు కొత్త గ్యాస్కెట్, కొత్త ఫిల్టరు వేసి, ఆయిలు గుర్తు దాకా పోయాలి.

తర్వాత గాలి తీయడం. మీ సిరంజిలోని బుడగ ఇక్కడ గుర్తుకు తెచ్చుకోండి. వెనుక చక్రాలను పైకెత్తి, జాకీ మీద కాదు, గట్టి స్టాండ్ల మీద నిలపాలి. ముందు చక్రాలకు అడ్డు పెట్టాలి. ఇంజనును తక్కువ వేగంలో ఉంచి, మీటను నెమ్మదిగా కొంచెం ముందుకు, కొంచెం వెనక్కి, అలా కొన్నిసార్లు కదపాలి. మొదట చక్రాలు తడబడుతూ తిరుగుతాయి, తర్వాత నిలకడగా. ఇంజను ఆపి మట్టం చూస్తే తగ్గి ఉంటుంది, మళ్ళీ నింపాలి. స్టాండ్ల మీద ఉండగానే న్యూట్రల్ కూడా చూసుకోవచ్చు. మీట మధ్యలో ఉన్నా చక్రం పాకుతూ ఉంటే వాలు పళ్ళెం పూర్తిగా నిటారు కాలేదన్నమాట. తప్పు పంపుది కాదు, మీటకూ పళ్ళేనికీ మధ్య ఉన్న అతుకులది. పాత కబ్ కేడెట్లలో ఆ అతుకు దగ్గరి గాడి అరిగి వదులవడం సాధారణం. మరీ వదులైతే బండి కుదుపులతో కదులుతుంది.

ఈ పనుల్లో ఒక ప్రమాదం ఉంది, కచ్చితంగా చెప్పాలి. అధిక పీడనంలో సన్నని చీలిక నుంచి చిమ్మే ఆయిలు చర్మాన్ని సూదిలా దూసుకుపోతుంది. పైకి చిన్న చుక్కంత గాయం కనిపిస్తుంది, లోపల కండరం దెబ్బతింటుంది. వెంటనే శస్త్రచికిత్స జరగకపోతే వేలో చెయ్యో తీసేయాల్సి రావచ్చు. కాబట్టి ఎక్కడ కారుతోందో చేత్తో తడిమి చూడకండి. ఇంజను నడుస్తున్నప్పుడు అట్టముక్క పెట్టి చూడాలి.

ఇక నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం, రోగ నిర్ణయం. ఒక ట్రాక్టరు వెనక్కి బాగా పోతుంది, ముందుకు మాత్రం కదలదు. “పంపు పోయింది” అంటాడు చూసినవాడు. మీరు ఏమంటారు? ముందుకు పోవడానికి వాడే పంపు, మోటారు, డిఫరెన్షియల్, వెనక్కి పోవడానికి వాడేవి ఒకటే కదా. అవి పోతే రెండూ పోవాలి. మరి రెండింటికీ తేడా ఎక్కడుంది?

పంపు నుంచి మోటారుకు రెండు దారులున్నాయని చెప్పుకున్నాం. వాటిని ఒకటో దారి, రెండో దారి అందాం. ముందుకు పోయేటప్పుడు ఒకటో దారిలో అధిక పీడనం, రెండోదానిలో అల్ప పీడనం. వెనక్కి పోయేటప్పుడు తారుమారు. ఛార్జి పంపు ఆయిలు ఈ రెండు దారుల్లోకీ ఒక్కో చెక్ వాల్వు గుండా వస్తుంది. చెక్ వాల్వు అంటే ఒకవైపే తెరుచుకునే తలుపు. అల్ప పీడనం ఉన్న దారి తలుపు తెరుచుకుని ఆయిలును రానిస్తుంది. అధిక పీడనం ఉన్న దారి తలుపు మూసుకుని ఆయిలును బయటికి పోనివ్వదు. ఒకటో దారి తలుపులో చిన్న మురికి నలుసు ఇరుక్కుందనుకోండి. ముందుకు పోవాలనుకున్నప్పుడల్లా వంద వాతావరణాల పీడనంతో ఉండాల్సిన ఆయిలు ఆ సందులోంచి ఛార్జి వైపు వెనక్కి పోతుంది. చక్రం తిరగదు. వెనక్కి పోయేటప్పుడు ఆ తలుపు ఎలాగూ తెరిచే ఉండాలి, అందువల్ల లోపం బయటపడదు. పంపు విప్పకుండానే, కూర్చున్న చోటి నుంచే, లోపం ఏ వాల్వులో ఉందో మనం చెప్పగలిగాం. ఆ వాల్వు తీసి శుభ్రం చేయడమో, మార్చడమో చేస్తే చాలు.

ఆ వాల్వులు ఇరుక్కోవడానికి ఒక మామూలు కారణం కూడా ఉంది. ఇంజను ఆగిన ట్రాక్టరును చేత్తో తోయాలంటే మోటారులోని ఆయిలుకు దారి ఇవ్వాలి. అందుకు చాలా మోడళ్లలో రెండు చెక్ వాల్వులనూ నొక్కి తెరిచి పెట్టే ఏర్పాటు ఉంటుంది. పైన దుమ్ము, గడ్డి పేరుకుని ఉంటే నొక్కిన పిన్ను తిరిగి పైకి రాదు. పాపం, యజమాని బండిని షెడ్డులోకి తోసుకుని, మర్నాడు ట్రాన్స్‌మిషన్ పోయిందని దిగులుపడతాడు.

బండి ఏ దిక్కుకూ కదలకపోతే? ముందు ఇంజను నుంచి పంపుకు వచ్చే షాఫ్టు తిరుగుతోందా చూడండి. కప్లింగులో చిన్న స్ప్రింగు పిన్ను విరిగితే ఇంజను ఒక్కటే తిరుగుతుంది. షాఫ్టు తిరుగుతూ ఉంటే హైడ్రాలిక్ లిఫ్టును ఎత్తి చూడండి. కబ్ కేడెట్ 149 లాంటి మోడళ్లలో కోత పళ్ళేన్ని ఎత్తే లిఫ్టుకు కూడా ఛార్జి పంపే ఆయిలు ఇస్తుంది. లిఫ్టు లేస్తే ఛార్జి పంపు, ఫిల్టరు, ఆయిలు మట్టం పనికొచ్చే స్థితిలో ఉన్నట్టే. లిఫ్టు కూడా లేవకపోతే వెతకాల్సింది ఛార్జి వైపు. ఒక్క మీట ఎత్తి సగం అనుమానాలను కొట్టేశాం. మీ ప్రయోగశాలలో విద్యుత్ వలయంలో తెగిన తీగను వెతికే పద్ధతి కూడా ఇదే కదా.

వేడి గురించి ఒక్క మాట చేర్చాలి. ఇంజను ఇచ్చే శక్తిలో ఐదో వంతో, అంతకంటే ఎక్కువో ఈ ట్రాన్స్‌మిషన్‌లో వేడిగా పోతుంది. గేర్ల పెట్టె ఇంత వృథా చేయదు. సౌకర్యానికి మనం కడుతున్న సుంకం అది. 9 కిలోవాట్లలో ఐదో వంతు 1.8 కిలోవాట్లు, ఇంట్లో నీళ్ళు కాచే గీజరు అంత. ఆ వేడి బయటికి పోవడానికి పెట్టె మీద లోహపు రెక్కలు, కొన్ని మోడళ్లలో పంపు షాఫ్టు మీద ఒక చిన్న ఫ్యానూ ఉంటాయి. కోసిన పచ్చిక తుక్కు వచ్చి కూర్చునేది సరిగ్గా అక్కడే.

పాడైన ట్రాక్టరును తాడు కట్టి దూరం లాక్కుపోకూడదు. ఎందుకో మీరే రాయండి: చక్రాలు తిరిగితే మోటారు ఏమవుతుంది? ఇంజను ఆగి ఉన్నప్పుడు ఛార్జి పంపు ఏం చేస్తుంటుంది?

రెండో ప్రశ్న. ఒక 1970ల నాటి ట్రాక్టరు ఉదయం బాగా నడుస్తుంది. ఎండలో అరగంట పచ్చిక కోశాక ముందుకూ వెనక్కూ ఒకేలా నీరసిస్తుంది. లిఫ్టు మాత్రం లేస్తోంది. ఆయిలు తేటగా, మట్టం సరిగా ఉంది. పెట్టె రెక్కల మధ్య ఎండుగడ్డి దట్టంగా కూరుకుని ఉంది. పంపు అరిగిందని తీర్మానించే ముందు ఏం చేస్తారు, ఆ తర్వాత ఏ లక్షణం చూసి పంపు నిజంగా అరిగిందని ఒప్పుకుంటారు? కారడానికి సంబంధించిన సూత్రాన్ని వాడి, ఒక పేజీకి మించకుండా జవాబు రాసి మీ భౌతికశాస్త్రం మాస్టారికి చూపించండి.